లక్క వాసనతో తిరిగొచ్చిన ఇల్లందు ఎన్నికలు

మనవరాలి ఓణీల వేడుకకు గాజులు కొనాలని పోయిన నెల ఇంటిల్లిపాదీ హైదరాబాదు లాడ్ బజారుకు వెళ్లాం. ఆడవాళ్లు దుకాణం లోపల రంగులు ఎంచుకుంటుంటే నేను గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. అక్కడ ఒక పనివాడు బొగ్గుల కుంపటి ముందు కూర్చుని లక్క ముద్దను వేడి చేసి, సాగదీసి, గుండ్రంగా వంచి, ఆరకముందే దాని మీద రాళ్లు పొదుగుతున్నాడు. లక్క కాలుతున్న వాసన నా దాకా వచ్చింది. ఆ క్షణాన నాకు గాజులు కనబడలేదు. చలికాలం రాత్రి, అడవిలో ఒక బడి, నేల మీద బోర్లా వంగిన నలుగురు మనుషులు, మధ్యలో కొవ్వొత్తి, గోనె సంచిలో ఇనుప పెట్టె కనబడ్డాయి.

మా కాలం ఉపాధ్యాయులకు లక్క అంటే ఎన్నికలు. పోలింగ్ అయిపోయాక బ్యాలెట్ పెట్టె చీలికను మూసి, పెట్టెను సంచిలో దింపి, మూతి పురికొసతో బిగించి, ముడి మీద కరిగిన లక్క చుక్కలు పోసి, ఇత్తడి సీలు అద్దాలి. కవర్లు ఇంకెన్నో. గుర్తు పెట్టిన ఓటర్ల జాబితాకు ఒకటి, వాడని బ్యాలెట్ పత్రాలకు ఒకటి, తన పేరున ముందే ఎవరో ఓటు వేసి పోతే అసలు మనిషి వేసే టెండర్డ్ ఓట్లకు ఒకటి. అన్నిటికీ లక్కే. కొవ్వొత్తి మంటకు లక్క కడ్డీ అడ్డంగా పట్టుకుంటే చివర బుడగలు లేచి చుక్క జారుతుంది. అది కవరు మీద పడాలి గానీ తరచూ వేలి మీద పడేది. కాలిన చోట చర్మం పొర లేచిపోయినా పనిలో తెలిసేది కాదు.

నేను ఎన్నికల డ్యూటీలు ఎక్కువగా చేసింది ఉమ్మడి ఖమ్మం జిల్లా ఇల్లందు నియోజకవర్గంలో. ఇల్లందు అనగానే ఇప్పుడు ఎవరైనా అడిగేది ఒక్క పేరే, గుమ్మడి నర్సయ్య. ఆయన కథ సినిమాగా తీస్తున్నారని, కన్నడ నటుడు శివరాజ్‌కుమార్ ఆ పాత్ర వేస్తున్నారని మనవరాలు ఫోనులో చూపించింది. సైకిలు తొక్కే ఎమ్మెల్యే, బస్సులో తిరిగే ఎమ్మెల్యే నిజంగా ఉండేవాడా తాతయ్యా అని అడిగింది. ఉండేవాడు ఏమిటమ్మా, ఇప్పటికీ ఉన్నాడు. ఐదుసార్లు గెలిచాడు. 1983, 1985, 1989, 1999, 2004. అందులో కొన్ని ఎన్నికల్లో ఆయన పేరున్న బ్యాలెట్ కాగితాన్ని నా చేతులతో చింపి జనానికి ఇచ్చాను. దానికి నోటిమాట సరిపోదనిపించి ఇది రాస్తున్నాను.

*

ఇల్లందును ఆ పక్క పెద్దవాళ్లు బొగ్గుట్ట అనేవారు. సింగరేణి గనులు పుట్టింది అక్కడే. 1889 ప్రాంతంలో తవ్వకాలు మొదలయ్యాయి. కంపెనీకి ఆ పేరు వచ్చిన సింగరేణి ఊరు కూడా దగ్గర్లోనే, కారేపల్లి పక్కన. నేను వెళ్లేనాటికి కంపెనీ పెద్ద ఆఫీసులు ఎప్పుడో కొత్తగూడెం తరలిపోయాయి గానీ, ఊరి గడియారం మాత్రం ఇంకా గనుల సైరనే. షిఫ్టు మారే వేళకు సైరన్ మోగితే ఇళ్లలో అన్నం గిన్నెలు దిగేవి, హోటళ్లలో టీ డికాక్షన్ మరిగేది. భుజాన టిఫిన్ క్యారియర్, నెత్తిన టోపీ, నడుముకు బ్యాటరీ దీపంతో కార్మికులు ఒక పక్కకు నడిచేవారు, కళ్ల చుట్టూ నల్లని అంచుతో ఇంకో గుంపు తిరిగి వచ్చేది. ఉతికి ఆరేసిన ధోవతి సాయంత్రానికి బూడిదరంగు అయ్యేది.

ఊరు దాటగానే అడవి. టేకు, మద్ది, ఇప్ప, తునికి. వాగులు. కోయ పల్లెలు, లంబాడా తండాలు. వేసవి మొదలైతే తునికాకు కోత, కట్టకు ఎంత ఇస్తారన్న దాని మీద కాంట్రాక్టర్లతో పోరాటం. ఏడాది పొడుగునా పోడు గొడవలు. అడవి నరికి జొన్న వేసుకున్నారని కేసు, పంట మీదికి పశువులను తోలారని ఏడుపు. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్న 1/70 చట్టం పేరు బళ్లో చదివిన పిల్లలకన్నా బడి మొహం చూడని ముసలివాళ్లకు బాగా తెలుసు. ఏ పల్లెకు వెళ్లినా వాళ్ల నోట "వన్ సెవెంటీ" అన్న మాట వినబడేది. చట్టం కాగితం మీద ఉంది, భూమి ఇంకొకరి పేరు మీద ఉంది. వాళ్ల రాజకీయమంతా ఆ రెంటి మధ్యే నడిచింది.

ఆ పల్లెల్లోంచే నర్సయ్య వచ్చారు. సింగరేణి మండలం టేకులగూడెం. ఆదివాసీ కుటుంబం, కొద్దిపాటి సేద్యం. సీపీఐ ఎంఎల్ పార్టీ మనిషి. పోటీ చేసింది మాత్రం స్వతంత్ర అభ్యర్థిగా. అందుకే పాత ఫలితాల పట్టికల్లో ఆయన పేరు ఎదుట స్వతంత్ర అని ఉంటుంది. ఏ పార్టీ లేని ఒంటరి మనిషి గెలిచాడేమో అనుకుంటారు ఇప్పటి పిల్లలు. వెనుక రైతుకూలీ సంఘాలు, తునికాకు కూలీలు, రాత్రిళ్లు అడవి దారుల్లో నడిచి మీటింగులు పెట్టిన కార్యకర్తలు ఉన్నారు. ఆ ఒక్క మాటలో వాళ్లెవరూ కనబడరు.

*

1983 జనవరి మొదటి వారం. రాష్ట్రమంతా ఎన్టీఆర్ గాలి. చైతన్య రథం వెళ్లిన ప్రతి ఊళ్లో జనం రోడ్ల మీదే నిద్రపోయారని పేపర్లు రాస్తున్నాయి. నాకు ఉద్యోగం కొత్త. పోలింగ్ ఆఫీసరుగా వేశారు. ప్రిసైడింగ్ ఆఫీసరు ఒక పెద్దాయన, హైస్కూలు హెడ్మాస్టరు, చాలా ఎన్నికలు చూసిన మనిషి.

సామాను పంచే చోట జాతర తిరిగినట్టు ఉండేది. మైకులో బూత్ నంబర్లు పిలుస్తుంటే బల్లల దగ్గరికి తోసుకుంటూ వెళ్లి ఒక్కో వస్తువూ లెక్క చూసి తీసుకోవాలి. బ్యాలెట్ పెట్టెలు, బ్యాలెట్ పత్రాల కట్టలు, బాణం గుర్తుల రబ్బరు ముద్ర, స్టాంపు ప్యాడు, వేలికి పెట్టే సిరా సీసా, ఆ సీసా ఒరిగిపోకుండా పెట్టుకోవడానికి ఖాళీ డబ్బా, పిన్నులు, బ్లేడు, గమ్ము, దారం, లక్క, కొవ్వొత్తులు. హెడ్మాస్టరు గారు లెక్క పెట్టింది బ్యాలెట్ పత్రాలను. ఒక్కో నంబరూ వేలితో తాకి చూశారు. మిగతా జట్లు లారీలు ఎక్కుతుంటే మేము నేల మీదే కూర్చుని ఉన్నాం. నాకు చిరాకేసింది. మర్నాటి రాత్రి లెక్క ఒక్కసారికే కుదిరినప్పుడు గానీ ఆయన విలువ తెలియలేదు.

లారీ వాగు దాకా తీసుకెళ్లి దించింది. అక్కడి నుంచి ఎడ్లబండి. పెట్టెలు బండి మీద, మేము వెనక నడక. ఊరి పటేలు పంపిన మనిషి లాంతరు పట్టుకుని ముందు నడిచాడు. కంది చేలు కోతకు వచ్చి ఉన్నాయి. మంచు దిగి చొక్కాలు తడిసిపోయాయి. బడి అంటే తాటికమ్మల పాక, ఒకే గది. ఓటు వేసే చోటుకు మరుగు కావాలని అట్ట పెట్టెలు నిలబెట్టి, మీద నా దుప్పటి కప్పాం. ఆ రాత్రి దుప్పటి లేకుండానే పడుకున్నాను. ఎక్కడో దూరంగా డోలు మోగుతోంది. అది పెళ్లో, పండగో, ఎన్నికల మీటింగో తెలియలేదు. తెల్లవార్లూ మోగింది.

ఉదయం తలుపు తీసేసరికి జనం వరస కట్టి ఉన్నారు. ఎప్పుడు వచ్చారో. ఎండుపుల్లల మంట వేసుకుని చుట్టూ కూర్చున్నారు. పెద్దవాళ్లు లేచి వచ్చి ముందుగా మాకు దండం పెట్టారు. నా పని వేలికి సిరా పెట్టడం. ఎడమచేతి చూపుడు వేలు పట్టుకుని, గోరు కింద చర్మం మీద గీత గీయాలి. ఆ రోజు పట్టుకున్న వేళ్లు నాకు ఇప్పటికీ గుర్తు. తునికాకు కోసే చేతులవి. ఆకు పసరు పట్టి గోళ్ల చుట్టూ నలుపు పేరుకుని ఉంటే నా సిరా ఎక్కడ పెట్టానో కనబడేది కాదు. రెండుసార్లు గీస్తే గానీ గీత తేలలేదు. కౌంటర్‌ఫాయిల్ మీద వేలిముద్ర వేయమంటే కొందరి బొటనవేలికి గీతలే పడవు. అరిగిపోయాయి. ప్యాడు మీద ఎంత అద్దినా కాగితం మీద నల్లని గుండ్రం తప్ప ఏమీ రాలేదు.

బ్యాలెట్ కాగితాన్ని ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవాలి. లేకపోతే తడి ముద్ర ఇంకో గుర్తు మీద అచ్చుపడి ఓటు చెల్లకుండా పోతుంది. హెడ్మాస్టరు గారు ప్రతి ఒక్కరికీ మడిచి చూపించి ఇచ్చారు. వందల మందికి, విసుగు లేకుండా. నేనప్పుడు దాన్ని నిబంధన అనుకున్నాను. లెక్కింపు డ్యూటీ చేశాక తెలిసింది అది ఎంత పెద్ద మేలో.

సాయంత్రం పోలింగ్ ముగిసే గంట కొట్టేవేళకు ఒక ముసలమ్మను మంచం మీద మోసుకొచ్చారు. ఆమెకు చూపు ఆనదు. తోడు ఎవరిని తీసుకెళ్తావమ్మా అంటే మనవడి చెయ్యి పట్టుకుంది. ఓటు పెట్టెలో కాగితం పడిన చప్పుడు వినబడే దాకా అక్కడే నిలబడింది. చెవి పెట్టె వైపు పెట్టి మరీ విన్నది. ఆ తర్వాతే కదిలింది.

*

ఫలితాలు రేడియోలో విన్నాం. అప్పటి రేడియో ఫలితాలు వినని వాళ్లకు ఆ ఉత్కంఠ చెప్పడం కష్టం. వార్తలు చదివేవారు ఒక్కో నియోజకవర్గం పేరు చదివి, గెలిచిన వారి పేరు, పార్టీ చెప్పి ముందుకు సాగేవారు. తెలుగుదేశం, తెలుగుదేశం, తెలుగుదేశం అని వరసగా వినబడుతుంటే హోటల్లో బల్లలు మోగుతున్నాయి. ఇల్లందు వచ్చేసరికి స్వతంత్ర అభ్యర్థి అన్నారు. హోటల్లో ఒక్కసారిగా అరుపులు. తెలుగుదేశం రెండు వందలకు పైగా స్థానాలు కొట్టుకుపోయిన ఆ గాలిలో అడవి పల్లెల మనిషి నిలబడ్డాడు. జనవరి 9న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో ఎన్టీఆర్ ప్రమాణం చేస్తే రాష్ట్రం అటు చూసింది. మా వైపు చాలా పల్లెలు ఇటు చూశాయి.

1985లో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. మార్చి నెల, ఇప్పపూల కాలం. బూత్ పక్కన చెట్టు కింద తెల్లవారుజామున పూలు రాలి నేలంతా పరుచుకుని ఉండేవి. ఆడవాళ్లు ముందు పూలు ఏరుకుని, బుట్టలు గోడ వారగా పెట్టి, వచ్చి వరసలో నిలబడ్డారు. గదంతా ఆ మత్తు తీపి వాసన. ఆ ఎన్నికల్లోనూ నర్సయ్యే గెలిచారు. 1989లో లోక్‌సభకు, శాసనసభకు కలిపి పెట్టారు. రెండు బ్యాలెట్లు, రెండింతల లెక్క. ఆ ఎన్నికల్లో రాష్ట్రంలో అధికారం మళ్లీ కాంగ్రెసు చేతికి వెళ్లింది. ఇల్లందు మాత్రం మారలేదు.

ప్రచారం ఎలా ఉండేదో చెప్పాలి, ఎందుకంటే అది పూర్తిగా పోయింది. గోడ మీద సున్నం కొట్టి, జాజుతో అక్షరాలు రాసేవారు. రాసే కుర్రాళ్లలో నా దగ్గర చదువుకున్నవాళ్లు కూడా ఉండేవారు. ఒత్తులు తప్పు రాస్తే మర్నాడు నేను కనబడగానే వాళ్లే దిద్దుకునేవారు. పెద్ద పార్టీల జీపులు దుమ్ము రేపుకుంటూ మైకులో పాటలు వేసుకుంటూ వచ్చి, కరపత్రాలు గాలిలోకి విసిరి వెళ్లిపోయేవి. పిల్లలు వాటి వెనక పరిగెత్తేవారు. ఎర్రజెండా వాళ్లు నడిచి వచ్చేవారు. పది పదిహేను మంది, సాయంత్రం చీకటి పడ్డాక. ఒకరి మెడలో డప్పు. ఊరి మధ్యలో చింతచెట్టు కింద పాట మొదలుపెడితే జనం వాళ్లంతట వాళ్లే చేరేవారు. రాత్రి ఆ ఊళ్లోనే పడక, ఎవరింట్లో ఉన్నది వాళ్లింట్లో తినడం. చందా అడిగితే రూపాయి, అర్ధరూపాయి. డబ్బు లేనివాళ్లు చేటలో బియ్యమో జొన్నలో పోసేవారు. ఓటరు అభ్యర్థికి ఇచ్చిన ఎన్నికలవి. నేను చూశాను కాబట్టి రాస్తున్నాను. ఈ మాట చెబితే మా అల్లుడు నమ్మలేదు.

నేను ఎవరికి ఓటు వేశానని అడగకండి. డ్యూటీలో ఉన్నవాళ్లకు పోస్టల్ బ్యాలెట్ ఉండేది, కవరులో కవరు పెట్టి పంపేవాళ్లం. ఆ కవరులో ఏముందో మా ఇంటావిడకు కూడా చెప్పలేదు. ప్రభుత్వ ఉద్యోగం చేసినన్నాళ్లూ అది పాటించాను, ఇప్పుడూ పాటిస్తాను.

*

లెక్కింపు డ్యూటీ వేరే లోకం. ఖమ్మంలో పెద్ద హాలు, ఇనుప జల్లెడ అవతల ఏజెంట్లు, ఇవతల మేము. పెట్టె తెరిచి బల్ల మీద బోర్లించగానే మడతల కాగితాలు కుప్పగా పడతాయి. మడత విప్పి, గుర్తు చూసి, ఎవరి ట్రేలో వారివి వేసి, కట్టలు కట్టాలి. రాత్రంతా అదే పని. గీత మీద ముద్ర పడిందని ఒకరు, కాదు సగానికి పైగా మా గుర్తు వైపే ఉందని ఇంకొకరు. రిటర్నింగ్ ఆఫీసరు వచ్చి దీపం వెలుతురుకు కాగితం ఎత్తి పట్టుకుని చూసేవారు. కొన్ని కాగితాల మీద రబ్బరు ముద్రతో పాటు వేలిముద్ర కూడా ఉండేది. అభిమానం కొద్దీ వేలు కూడా అద్దారు పాపం. ఓటరును గుర్తుపట్టే వీలుంటే ఓటు చెల్లదు. ఆ కట్టను చెల్లని ఓట్ల కవరులో పెట్టి దానికీ లక్క వేశాం. ఆ కవరు సీలు చేస్తున్నప్పుడు నాకు గొంతు పట్టేసింది. ఎన్ని మైళ్లు నడిచి వచ్చి వేసిన ఓట్లో అవి.

*

ఎమ్మెల్యే అయ్యాక నర్సయ్యను నేను ఎక్కువగా చూసింది బస్సులోనే. ఆ రోజుల్లో ఎర్రబస్సుల్లో కిటికీ పైన శాసనసభ్యులకు అని ఒక సీటు ఎదుట రాసి ఉండేది. ఆ సీట్లో శాసనసభ్యుడు కూర్చోగా చూసినవాళ్లు రాష్ట్రంలో ఎంతమంది ఉంటారో తెలియదు. మా దారిలో ప్రయాణించినవాళ్లు చాలామంది చూశారు. సీటు ఖాళీగా ఉంటే కూర్చునేవారు, లేకపోతే నిలబడేవారు. తెల్లని చొక్కా, లుంగీయో పంచెయో, చేతిలో గుడ్డ సంచి. వెంట గన్‌మన్‌లు, కార్ల వరస ఉండేవి కావు.

బస్సు ఆగిన చోటల్లా ఎవరో ఒకరు అర్జీ పట్టుకుని ఎక్కేవారు. అర్జీ అంటే ఏముంది, నోటుబుక్కులోంచి చింపిన కాగితం. బడి పిల్లవాడి చేత రాయించినది. ఒకసారి ఆయన చేతిలో ఉన్న కాగితం మీద దస్తూరి నేను గుర్తుపట్టాను. మా ఏడో తరగతి పిల్లది. వాళ్ల నాన్న చేను మీద అటవీశాఖ వాళ్లు పెట్టిన కేసు గురించి. ఆ పిల్ల బళ్లో సెలవు చీటీ కూడా సరిగా రాసేది కాదు. ఇక్కడ మాత్రం సర్వే నంబరు, తేదీ, చేను హద్దులు, తూర్పున ఎవరు పడమర ఎవరు, అన్నీ వరసగా రాసింది. ఆ మర్నాడు తరగతిలో నేను అర్జీ ఎలా రాయాలో పాఠం చెప్పాను. పాఠ్యపుస్తకంలో ఉన్న పోస్టుమాస్టరుకు లేఖ పక్కన పెట్టి, తహశీల్దారుకు, ఎమ్మెల్యేకు రాయడం నేర్పాను. పదవీ విరమణ దాకా ప్రతి ఏడూ ఆ పాఠం చెప్పాను. నా ఉద్యోగంలో నేను బాగా చేశానని అనుకునే పనుల్లో అదొకటి.

శాసనసభ్యుడి జీతం పార్టీకి ఇచ్చేసి, పార్టీ ఇచ్చే భత్యంతో బతికారన్నది అందరికీ తెలిసిన సంగతే. హైదరాబాదులో పని ముగిస్తే బస్సెక్కి ఊరు చేరడం, ఊళ్లో సైకిలు, ఊళ్లో ఉన్న రోజున పొలం పని. పేపర్ల వాళ్లు దీన్ని వింతగా రాస్తారు. ఆ పల్లెల్లో ఎవరికీ వింత కాదు. వాళ్లందరూ అలాగే బతికేవారు, వాళ్ల మనిషి వేరేలా బతికితేనే వింత. నన్ను కదిలించింది ఆయన సైకిలు కాదు. అర్జీ ఇచ్చిన మనిషిని వెంటబెట్టుకుని స్వయంగా ఆఫీసు మెట్లెక్కడం. మా మండలాఫీసులో గుమస్తా ఒకాయన నాకు స్నేహితుడు. గోచీ పెట్టుకున్న మనిషి ఆఫీసు లోపల కుర్చీలో కూర్చోవడం మొదటిసారి ఆయనతో వచ్చినప్పుడే చూశానని చెప్పాడు. తర్వాత తర్వాత ఆయన లేకుండా వచ్చినప్పుడు కూడా వాళ్లు కుర్చీ లాక్కుని కూర్చోవడం మొదలుపెట్టారట.

*

1994లో నర్సయ్య ఓడిపోయారు. తెలుగుదేశం, వామపక్షాలు కలిసి పోటీ చేసిన ఎన్నిక అది. గాలి మళ్లీ ఎన్టీఆర్‌దే. గెలిచింది సీపీఐ నుంచి ఊకె అబ్బయ్య. ఆయనా ఈ నేలలోనే పుట్టిన గిరిజన నాయకుడు, ఈయనా అంతే. ఎర్రజెండాకూ ఎర్రజెండాకూ పోటీ. ఒకే ఇంట్లో అన్న ఒక జెండా, తమ్ముడు ఇంకో జెండా. ప్రధాన ఎన్నికల కమిషనర్ శేషన్ రోజులు కాబట్టి గోడ రాతలు తగ్గాయి, మైకులకు వేళలు వచ్చాయి, ఖర్చుల లెక్కలు చూసేవాళ్లు వచ్చారు. గుర్తింపు కార్డుల ఫోటోలు తీయడానికి కెమెరా వాళ్లు పల్లెలకు వచ్చింది కూడా ఆ కాలంలోనే. చాలామంది ముసలివాళ్లకు జీవితంలో మొదటి ఫోటో అదే, ఓటరు కార్డు మీది ఫోటో. చనిపోయాక గోడకు తగిలించుకోవడానికి దాన్నే పెద్దది చేయించారు. నేను వెళ్లిన ఎన్నో ఇళ్లలో అలాంటి పటాలు చూశాను.

1999లో తిరిగి గెలిచారు. అది సెప్టెంబరు. వాగులు నిండుగా ఉన్నాయి. నేనప్పటికి ప్రిసైడింగ్ ఆఫీసరును. సామాను నెత్తిన పెట్టుకుని నడుము లోతు నీళ్లలో దాటాం. ఊరివాళ్లు తాడు కట్టి ఇవతల ఒక వరస, అవతల ఒక వరస నిలబడ్డారు. పెట్టెలు తడవకూడదని నా కన్నా వాళ్లకే ఎక్కువ పట్టింపు.

2004 వచ్చేసరికి దేశమంతా ఓటింగ్ యంత్రాలు. బ్యాలెట్ పెట్టెలు పోయాయి. కాగితం మడతలు పోయాయి, రబ్బరు ముద్ర పోయింది. కూత వినబడితే ఓటు పడినట్టు. పెద్దవాళ్లు మీట నొక్కి, కూత వినగానే ఉలిక్కిపడి వెనక్కి తిరిగి నా మొహం చూసేవారు. పడిందమ్మా, పడింది అని చెప్పేవాణ్ణి. చెల్లని ఓట్ల కవరు లేకుండా పోవడం నాకు చాలా సంతోషమనిపించింది. వేలిముద్ర అద్దినందుకు ఎవరి ఓటూ ఇక వృథా కాదు. ఆ ఎన్నికల్లో నర్సయ్య ఐదోసారి గెలిచారు. ఈ ఐదేళ్లలోనే 2006 అటవీ హక్కుల చట్టం వచ్చింది. పోడు చేసుకున్నవాళ్లు పట్టా అడగడానికి మొదటిసారి చట్టం చేతికొచ్చింది.

అయితే అప్పటికే ఎన్నికల రంగు మారుతోంది. పోలింగుకు ముందు రోజు రాత్రి మేము బడిలో పడుకుంటే బండ్ల చప్పుడు వినబడేది. వచ్చేది ఎవరో, ఎందుకో మాకు చెప్పనక్కర్లేదు. ఉదయం వరసలో ఆడవాళ్ల మాటల్లో అన్నీ బయటపడేవి, ఆ ఇంటికి ఇంత, ఈ ఇంటికి ఇంత అని. మొదట్లో గొంతు తగ్గించి చెప్పుకునేవారు. పోను పోను గొంతు తగ్గించడం మానేశారు. చేటలో జొన్నలు పోసిన గుమ్మాల్లోనే ఇది జరిగింది. పేదవాళ్లను అనడానికి నాకు నోరు రాదు. ఇచ్చినవాళ్లను మాత్రం ఎన్నటికీ క్షమించలేను. ఆ పల్లెల్లో ఓటు అంటే ఏమిటో తలకెత్తుకున్న మనుషులున్నారు, వాళ్లకు వెల కట్టి చూపించారు.

*

2009 ఎన్నికలకు ముందు నియోజకవర్గాల పునర్విభజన జరిగింది. పాత హద్దులన్నీ చెరిపి కొత్తవి గీశారు. సింగరేణి మండలం కొత్తగా ఏర్పడిన వైరాలో కలిసింది. అంటే ఆయన సొంత ఊరు ఆయన పోటీ చేసే నియోజకవర్గంలో లేకుండా పోయింది. ఇల్లందును మహబూబాబాద్ లోక్‌సభ స్థానంలో చేర్చారు. మా సామాను పంచే చోట కూడా అయోమయమే. ఏళ్ల తరబడి ఒకే జాబితాలో చూసిన ఊళ్లు ఇంకో బల్ల దగ్గరికి వెళ్లిపోయాయి. చిరంజీవి పార్టీ కొత్తగా వచ్చింది, తెలుగుదేశం, టీఆర్ఎస్, వామపక్షాల మహాకూటమి ఒక పక్క, కాంగ్రెసు ఒక పక్క. ఇల్లందులో ఆ ఎన్నికల్లో గెలిచింది మళ్లీ ఊకె అబ్బయ్యే, ఈసారి తెలుగుదేశం నుంచి. ఆ తర్వాత నర్సయ్య మళ్లీ శాసనసభకు వెళ్లలేదు. 2016లో జిల్లాలు విడగొట్టాక నియోజకవర్గమే మూడు జిల్లాల్లో పడింది. ఇల్లందు, టేకులపల్లి భద్రాద్రి కొత్తగూడెంలో, బయ్యారం, గార్ల మహబూబాబాదులో, కామేపల్లి ఖమ్మంలో.

ఆ 2009 ఫలితాలు వచ్చిన కొన్నాళ్లకు వేసవి సెలవులు అయిపోయి బడి తెరిచాం. మా బళ్లో అటెండరు కోయ మనిషి. నాకన్నా పెద్దవాడు, చాలా తక్కువ మాట్లాడేవాడు. ఒక సోమవారం పొద్దున నా బల్ల ముందు నిలబడ్డాడు.

"రేపు సెలవు కావాలి సారూ. పోడు పట్టా పని మీద ఆఫీసుకు పోవాలి."

"ఒక్కడివే వెళ్తావా?"

"లేదు సారూ. ఎమ్మెల్యే సారు వస్తానన్నాడు. కారేపల్లిలో బస్సెక్కుతాడు."

ఏ ఎమ్మెల్యే అని నేను అడగలేదు. ఆయన సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి చూపించాడు. తన చిన్న కూతురు రాసిన అర్జీ. ఊరు, చేను, హద్దులు, ఎన్నేళ్ల నుంచి సాగు చేస్తున్నదీ, అన్నీ ఉన్నాయి. తేదీ ఒక్కటి రాయలేదు. నా పెన్నుతో తేదీ వేసి, సెలవు చీటీ మీద సంతకం పెట్టి, రెండూ కలిపి ఇచ్చాను.